మనోళ్లు ఏం సదివెటోళ్లో దేవులాడిన బ్రౌన్ దొర

మా పాత ఇంట్ల అటుక మీద ఒక తాటాకుల కట్ట ఉండె. మూర పొడుగుంటది. రెండు చెక్కల నడుమ ఇరికిచ్చి తాడుతోని సుట్టి పెట్టిన్రు. దసరా నాడు మా నాయినమ్మ దాన్ని కిందికి దించి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మల్ల అటుక మీదికే ఎక్కిచ్చేది. దాంట్ల ఏం రాసుందో ఇంట్ల ఒక్కలకు తెల్వది. మా తాతను అడిగితే, వాళ్ల తాత సదివెటోడట అని చెప్పిండు. అంతే. ఇల్లు ఇప్పి కొత్తది కట్టేటప్పుడు, పురుగు పట్టిందని మా బాపు ఆ కట్టను తీస్కపోయి వాగుల కలిపిండు. నాకప్పుడు పన్నెండేండ్లు. ఆకులు ఒక్కొక్కటి ఊడి నీళ్ల మీద తేలుకుంట పోతుంటే ఒడ్డు మీద నిలవడి సూసిన. అది రామాయణమో, మందుల శాస్త్రమో, ఉత్త బాకీల లెక్కలో ఇప్పటికీ ఎర్కలేదు.

తర్వాత డిగ్రీల ఉన్నప్పుడు లైబ్రరీల చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గురించి సదివిన. అసొంటి కట్టల కోసం ఒక తెల్లోడు ఊర్లు పట్టుకొని దేవులాడిండని, అప్పులు సుత చేసిండని తెలిసినప్పుడు నాకు ముందుగాల సంబురం కాలే. సిగ్గైంది. జెర కోపం సుత వచ్చింది. మనోళ్లేం చేసిన్రు మరి, అని.

ముందే చెప్తున్న, నేను దొరకు దండ ఎయ్యనీకి ఇది రాస్తలేను. ఆయన కుంపిణీ జీతగాడు. మన రైతుల దగ్గర వసూలు చేసిన శిస్తుతోనే ఆయన జీతం. అది మర్సిపోకుండనే ఆయన కథ చెప్పుకోవాలె. ఎందుకంటే ఆ కథల మన తాత ముత్తాతల కథ ఇరుక్కొని ఉంది. వాళ్లు ఏం సదివిన్రు, ఏం ఇన్నరు, ఎవల సదువును ఎవలు సదువే కాదన్నరు, ఇదంత ఆయన ఎనక పోతే కనవడతది.

బ్రౌన్ పుట్టింది ఇంగ్లాండుల కాదు, కలకత్తల. 1798 నవంబరు 10. తండ్రి డేవిడ్ బ్రౌన్ పాదిరి. కొడుకుకు చిన్నప్పట్నుంచే నాలుగైదు భాషలు రుద్దిండు. 1812ల తండ్రి చనిపోయిండు. కుటుంబం ఇంగ్లాండు పోయింది. అక్కడ హెయిలీబరీల కుంపిణీ తన నౌకర్లను తయారుచేసే కాలేజీ ఉండె, దాంట్ల చేరిండు. 1817 ఆగస్టుల మద్రాసుల ఓడ దిగిండు. అప్పటికి పద్దెనిమిదేండ్ల పోరడు. తెలుగు ముక్క రాదు. మద్రాసు కాలేజీల వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు అక్షరాలు దిద్దిచ్చిండు.

1820ల కడపకు నౌకరి మీద పోయిండు. కలెక్టరు కింద చిన్న అధికారి. అక్కడ ఆయనకు ఒక తిప్పలు ఎదురైంది. కచ్చేరికి రైతు వచ్చి తన గోస చెప్పుకుంటడు. ఆ మాట ఒక తీరుగ ఉంటది. పంతులు నేర్పిన పుస్తకాల తెలుగు ఇంకో తీరుగ ఉంటది. రెండిటికీ నడుమ పెద్ద వాగు. పరీక్ష పాసైనోడు ఊరోని మాట పట్టుకోలేకపోతున్నడు. ఈ తిప్పలు మనకు కొత్త కాదు. బడిల ఇంటి మాట మాట్లాడితే సార్ చెవు మెలిపెట్టిన రోజులు మనలో మస్తు మందికి యాదికున్నయి. నాకైతే ఇంక చెవు నొస్తది.

ఆయన కథల జెర ఆగి, అప్పటి ఊర్లల్ల సదువెట్ల ఉండెనో సూద్దం. ఎందుకంటే అప్పట్ల మన జనానికి సదువే లేకుండె, దొరలొచ్చి దీపం పెట్టిన్రు అని శానమంది అనుకుంటరు. కాదు.

1822ల మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల ఎన్ని బడులున్నయో, ఎవలు సదువుతున్నరో లెక్క పంపుమని కలెక్టర్లందరికి రాసిండు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన జవాబు 1823 నాటిది. ఈ కాంప్‌బెల్ అంతకు ముందే, 1816ల, తెలుగుకు ఇంగ్లీషుల వ్యాకరణం రాసినోడు. ఆయన లెక్క ప్రకారం తొమ్మిది లక్షల పైన జనం ఉన్న జిల్లాల 533 బడులు. సదివే పిల్లలు 6,641 మంది. దాంట్ల బాపనోళ్ల పిల్లలు 1,185, కోమటోళ్ల పిల్లలు 981. శూద్రులని రాసిన కులాల పిల్లలు 2,998. ఇంక మిగిలిన కులాలోళ్లు 1,174. ముస్లింల పిల్లలు 243. ఆడివిల్లలు మొత్తం జిల్లల 60 మంది. ఒక్కసారి ఆ అంకెలు మల్ల సదువుండ్రి. సదువు బాపనోళ్ల ఇంట్లనే ఉండె అనే మాట ఈ లెక్కల కాడ నిలవడదు. గని పిల్లల మొత్తం సంఖ్య జనంల వందకు ఒక్కరు సుత లేరు, ఆడివిల్లలైతే లెక్కకే రారు. అది సుత అదే కాయితం మీద ఉంది.

ఏం సదివిన్రు మరి? దానికి సుత కాంప్‌బెల్ జవాబుల లిస్టు ఉంది. రామాయణం, భారతం, భాగవతం అన్ని కులాల పిల్లలకు. లింగం కట్టినోళ్ల పిల్లలకు బసవ పురాణం, గిరిజా కల్యాణం. పనితనం చేసే కులాలోళ్లకు విశ్వకర్మ పురాణం. ఉల్లాసానికి పంచతంత్రం, భేతాళ కథలు. మాటల కోసం అమరం, నిఘంటువులు. బళ్లారి అంటే తెలుగు, కన్నడం కలిసిన జాగ, అందుకే దాంట్ల రెండు భాషల పుస్తకాలున్నయి. నాకు ఈ లిస్టుల అన్నిటికన్న పసందైన సంగతేందంటే, ఎవల కులానికి ఎవల పుస్తకం వాళ్లకుండె. కమ్మరి, వడ్ల, అవుసుల పిల్లగానికి తన మూలపురుషుని కథ ఆకు మీద రాసి ఉండె. అది వాడు సదువుకున్నడు.

అదే జవాబుల ఇంకో రెండు మాటలున్నయి. ఒకటి, పిల్లలు పద్యాలు గుక్కతిప్పకుండ అప్పజెప్తరు గని అర్థం వాళ్లకు తెల్వది, నేర్పే అయ్యగారికి సుత తెల్వది, ఎందుకంటే పద్యాల భాష మాట్లాడే భాష కాదు, అని. రెండోది ఇంక బరువైనది. బడులు తగ్గిపోతున్నయి, ఎందుకంటే జనం బీదోళ్లైతున్నరు, సీమ బట్ట వచ్చి మన సాలోళ్ల మగ్గాలు ఆగిపోయినయి, పిల్లల ఫీజు కట్టలేకపోతున్నరు, అని కలెక్టరే ఒప్పుకున్నడు. కుంపిణీ వచ్చి సదువు తెచ్చిందనెటోళ్లకు కుంపిణీ కలెక్టరు చేతి రాతే జవాబు.

ఇంకోటి సుత గుర్తుంచుకోవాలె. అప్పట్ల సదువుడంటే మనం ఫోన్ల ఒక్కలమే మూలకు కూసోని సదివినట్టు కాదు. ఒకలు సదివితే ఇరవై మంది ఇనెటోళ్లు. అరుగు మీద భాగవతం సదువుతుంటే అక్షరం రానోడు సుత గజేంద్ర మోక్షం మొత్తం నోటికి పట్టెటోడు. జంగాలొచ్చి శివభక్తుల కథలు చెప్పెటోళ్లు. పల్నాటి వీరుల కథను పిచ్చుకుంట్లోళ్లు పాడెటోళ్లు. గొల్లోళ్ల ఇండ్లల్ల కాటమరాజు కథ నడిచేది. అక్షరం రాకున్న పుస్తకం వాళ్లదే. మాల మాదిగ వాడలకు మాత్రం బడి తలుపు మూసే ఉండె. వాళ్లు తమ కథలను తమ డక్కలోళ్ల, చిందోళ్ల నోట్ల దాచుకున్నరు.

ఇగ పండితుల సదువు వేరే. పెద్దన మనుచరిత్ర, భట్టుమూర్తి వసుచరిత్ర. పదహారో శతాబ్దం కావ్యాలు. ఒక్క పద్యంల రెండు మూడు అర్థాలు మడతపెట్టి ఉంటయి. అవి వచ్చినోడే సదువుకున్నోడు. వేమన పద్యాలు, ద్విపదల రాసిన కథలు వాళ్ల దృష్టిల లెక్కల్లేని సరుకు. ఆటవెలది చిన్న పద్యం, ద్విపద రెండు పాదాల పద్యం, ఆడోళ్లు రోకలి దంచుకుంట పాడుకునేది, అదేం కావ్యమని చప్పరిచ్చెటోళ్లు.

బ్రౌన్ ఈ రెండు సదువుల నడుమ వచ్చి నిలవడ్డడు.

కడప నుంచి మచిలీపట్నం బదిలీ అయింది. అక్కడున్నప్పుడు, 1824ల, ఫ్రెంచి పాదిరి దుబాయ్ రాసిన పుస్తకంల వేమన అనే పేరు ఆయన కంట్ల పడ్డది. పండితులను అడిగిండు. వాళ్లు పెద్దగ పట్టిచ్చుకోలే. ఆయన ఇడిచిపెట్టలే. వేమన పద్యాల కట్టలు ఎక్కడ ఉంటే అక్కడికి మనుషులను తోలిండు. వచ్చిన కట్టలల్ల ఏ రెండు ఒక్క తీరుగ లేవు. ఒక కట్టల రెండు వందల పద్యాలుంటే ఇంకో దాంట్ల ఐదు వందలు. ఒకే పద్యం నాలుగు తీర్లుగ. కొన్నిట్ల పద్యం మొదలు ఒక ఊరిది, తోక ఇంకో ఊరిది.

ఇక్కడ మీకు తాటాకు సంగతి చెప్పాలె. ఆకును ఎండబెట్టి, ఉడకబెట్టి, సాపు చేసి, ఇనుప గంటంతోని గీకుతరు. గీకినంక మసి, నూనె కలిపి రుద్దితే గీతలల్ల నలుపు పట్టి అక్షరం కనవడతది. మాటకు మాటకు నడుమ జాగ ఇడువరు. కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు. ఆకు పురుగు తిన్నా, తడిసినా, మల్ల ఒకడు కూసోని కొత్త ఆకు మీద ఎక్కియ్యాలె. ఎక్కిచ్చెటోడు నిద్రమత్తుల ఒక పాదం ఇడిస్తే, ఎనకొచ్చినోడు దాన్ని తన తెలివితోని పూడుస్తడు. మనం వాట్సాప్ల ఒక ముచ్చట పది గ్రూపులు తిరిగొచ్చేసరికి ఎట్ల మారుతదో, పద్యం సుత రెండు వందల ఏండ్లల్ల అట్లనే మారింది.

బ్రౌన్ ఏం చేసిండంటే, దొరికిన కట్టలన్నిటిని కాయితం మీద ఎక్కిచ్చిండు. పద్యానికి పద్యం పక్కపక్కన పెట్టి, తేడాలు రాసుకొని, సరైన పాఠం ఏదో పండితులతోని కూసోని తేల్చిండు. 1829ల 693 వేమన పద్యాలు ఇంగ్లీషు తర్జుమాతోని అచ్చైనయి. ఆయన అంతటితోని ఆగలే. పదేండ్లు ఇంక ఏరిండు. 1839ల మల్ల అచ్చేసినప్పుడు పద్యాలు 1,164. మన బడి వాచకాలల్ల వేమన పద్యాలున్నయంటే, ఎనక ఇంత గీకుడు ఉంది.

1826ల మల్ల కడపకొచ్చి పదిహేనెకరాల తోట ఉన్న బంగళా కొన్నడు. దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అనెటోళ్లట. నిజానికి అది కార్ఖానా. రాతగాళ్లు ఒక దిక్కు, పండితులు ఒక దిక్కు. అందరికి జీతాలు ఆయన జేబు నుంచే. జీతం సాలక అప్పులు చేసిండు. ఊర్లల్ల పిల్లలకు ఫీజు లేని బడులు సుత పెట్టిచ్చిండు.

నేను మాత్రం ఆ బంగళాల ఆయన కుర్సీ కన్న, కింద సాప మీద కూసున్నోళ్లనే ఎక్కువ తలుసుకుంట. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి, ఇంక పేరు కూడ మిగలని రాతగాళ్లు. పద్యం ఏందో, దాని అర్థమేందో తెలిసినోళ్లు వాళ్లు. కండ్లు కాయలు కాసేటట్టు ఆకులు సదివింది వాళ్లు. పుస్తకం మీద పేరు దొరది పడ్డది. బ్రౌన్ వాళ్ల పేర్లు రాసి పెట్టిండు, ఆ మాట నిజం, శానమంది దొరలు అది సుత చెయ్యలే. అయినా, వేమన పద్యాన్ని చిన్నసూపు సూసిన పండితులే జీతం కోసం కూసోని ఆ పద్యాలను సక్కదిద్దిన్రంటే, వాళ్ల మనసుల ఏం నడిచిందో అనిపిస్తది నాకు. కొన్నాళ్లకు వేమన వాళ్లకు సుత నచ్చిండేమో. నచ్చకుండ పదేండ్లు ఎట్ల సదువుతరు?

1832, 33 నందన నామ సంవత్సరం. గుంటూరు దిక్కు వానల్లేవు. బ్రౌన్ అప్పుడు అక్కడ నౌకరి చేస్తున్నడు. జనం ఊర్లు ఇడిచి మద్రాసు తొవ్వ పట్టిన్రు, తొవ్వ పొంటి సచ్చిపోయిన్రు. జిల్లల ఉన్న ఐదు లక్షల మందిల లక్షన్నర నుంచి రెండు లక్షల దాక పోయిన్రని చెప్తరు. కుంపిణీ కాయితాలల్ల మాత్రం తిండి గింజల కొరత అని, వానలు తక్కువైనయని మెల్లగ రాస్తున్నరు. కరువు అని రాస్తే శిస్తు మాఫీ చెయ్యాలె, గంజి కేంద్రాలు పెట్టాలె. బ్రౌన్ కరువు అనే రాసిండు. పై అధికారులు గట్టి మాట వాడినవని ఆయన మీద గుర్రుమన్నరు. మాట కోసం ఏండ్లకు ఏండ్లు దేవులాడినోడు మాటను పలుచన చెయ్యలేకపోయిండు. ఆయన గురించి నాకు ఇంత మంచిగ అనిపిచ్చేది నిఘంటువు కన్న ముందు ఇదే.

1834ల కొలువు ఊడింది. లండన్ పోయిండు. అక్కడ సుత ఊకె కూసోలే. కుంపిణీ వాళ్ల ఇండియా హౌస్ లైబ్రరీల దక్షిణాది భాషల రాతప్రతులు కుప్పలు పడి ఉండె. ఇక్కడి నుంచి తీస్కపోయినయే. సదివెటోడు లేడు, ముట్టెటోడు లేడు. వాటికి పట్టిక తయారు చేసి, కొట్లాడి, రెండు వేలకు పైన కట్టలను మల్ల మద్రాసుకు తెప్పిచ్చిండు. మన నుంచి పోయిన సొమ్ము వాపసు వచ్చింది ఎన్నిసార్లు? వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. తర్వాత తను పోగేసిన కట్టలు సుత మద్రాసు లిటరరీ సొసైటీకే ఇచ్చిండు. ఇయ్యాల చెన్నైల ఉన్న ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంల అవి ఉన్నయి.

1838 కల్ల మద్రాసుల ఉన్నడు. ఈసారి పారశీ తర్జుమా చేసే కొలువు. ఇగ ఇక్కడ మన పాలకుర్తి కథ వస్తది.

జంగాల ఇండ్లల్ల బసవ పురాణం సదువుతరని బ్రౌన్‌కు తెలిసింది. రాసింది పాల్కురికి సోమన, మన జనగామ దిక్కు పాలకుర్తి ఆయనది. ఎనిమిది వందల ఏండ్ల కింద, సంస్కృతం బరువు తగ్గిచ్చి జనం మాటకు దగ్గరున్న తెలుగుల, ద్విపదల రాసిండు. దాంట్ల సాకలోడు, కుమ్మరోడు, మాదిగోడు, బెస్తోడు శివభక్తులు. పండితుల లెక్కల ఆ పుస్తకానికి తావు దక్కలే. ద్విపద కాబట్టి ఒకటి, వీరశైవం కాబట్టి రెండు. జంగాలు మాత్రం ఆకు మీద ఆకు ఎక్కిచ్చుకుంట ఆరేడు వందల ఏండ్లు దాన్ని బతికిచ్చుకున్నరు. 1840ల బ్రౌన్ మద్రాసు పత్రికల రెండు వ్యాసాలు రాసిండు. ఒకటి జంగాల ఆచారాలు, వాళ్ల సాహిత్యం మీద. ఇంకోటి బసవ పురాణం కథను ఇంగ్లీషుల చెప్పుకుంట. పండితులు పక్కకు పెట్టిన ఒక సదువు ఉందని, దానికి సదువరులు వేల మంది ఉన్నరని అచ్చుల ఎక్కిచ్చిండు. దాని పక్కనే బమ్మెర పోతన భాగవతం. బమ్మెర, పాలకుర్తి ఇరుగుపొరుగు ఊర్లే. ఒకరి పుస్తకం అన్ని అరుగుల మీద సదివిన్రు, ఇంకొకరి పుస్తకం జంగాల జోలెలల్ల దాగింది. మోటర్ సైకిల్ మీద పోతే పావుగంట దూరం.

ద్విపద అంటే ఆయనకు పాణం. నలుని కథ, హరిశ్చంద్ర కథ ద్విపదలల్ల ఉన్నవి అచ్చేయిచ్చిండు. అట్లని పండితుల కావ్యాలను ఇడిచిపెట్టలే. 1844ల వసుచరిత్ర, 1851ల మనుచరిత్ర టీకతోని అచ్చైనయి. అర్థం చెప్పే టీక ఉండాలె అన్నది ఆయన పట్టు. కావ్యం నాలుగు గోడల నడుమ గురువు చెప్తే తప్ప తెల్వకుండ ఉండొద్దని. ఇది ఊకె దాటిపోయే సంగతి కాదు. టీక అచ్చైతే ఎవడన్న కొనుక్కొని సదువుకుంటడు. గురువు కాళ్లకు మొక్కే అవసరం తగ్గుతది. కొందరికి అది నచ్చకపోయి ఉంటది మల్ల.

1852ల తెలుగు ఇంగ్లీషు నిఘంటువు. దాంట్ల కావ్యాల మాటలున్నయి, వంటింటి మాటలు సుత ఉన్నయి. మన పాత నిఘంటువులు శానవరకు పద్యాలు రాసెటోళ్ల కోసం ఉండె, వాటిల శాన పద్యాలల్లనే ఉండె. దుకాణంల, పొలంల ఆడే మాటకు దాంట్ల జాగ లేకుండె. 1854ల మిశ్రభాషా నిఘంటువు అని ఇంకోటి తెచ్చిండు. కచేరి, జమాబంది, దస్తావేజు అసొంటి ఉర్దూ, పారశీ, మరాఠీ నుంచి వచ్చి తెలుగుల కలిసిపోయిన మాటల కోసం. మన తెలంగాణ మాటల ఉర్దూ ఉందని, అది సంకరమని ఎక్కిరిచ్చినోళ్లను మనం సూసినం. వాళ్లు పుట్టకముందే ఆ మాటలకు ఒక పుస్తకం ఉంది. ఆయన అది మన కోసం రాయలే, కుంపిణీ అధికారులకు కాయితాలు అర్థం కావాలని రాసిండు. అయినా మాట మాటే, దాన్ని జనం వాడుతున్నరు కాబట్టి రాయాలె, అనేది ఆయన లెక్క.

1855ల తాతాచారి కథలు వచ్చినయి. ఊరోళ్లు చెప్పుకునే ముచ్చట్లు, నవ్వులాటలు, మోసగాళ్ల కథలు. చెప్పినట్టే, మాట్లాడినట్టే రాసినయి. గిడుగు రామమూర్తి వాడుక భాష కొట్లాట ఇంక యాభై ఏండ్లకు గని మొదలు కాలే. అంతకు ముందే నోటి తెలుగు అచ్చుల కనవడ్డది.

ఆయనల నాకు నచ్చనివి సుత ఉన్నయి. వేమన పద్యాలను నీతి, ఎక్కిరింత, యోగం అని మూడు పాళ్లు చేసిండు, అది ఆయన కొలబద్ద, వేమనది కాదు. బైబిలు తర్జుమాలల్ల సుత చెయ్యి పెట్టిండు, పాదిరి కొడుకు మరి. మన సాహిత్యం సచ్చిపోతుంటే తనొక్కడే బతికిచ్చినట్టు తన గురించి తాను రాసుకున్నడు. దీపం ఆరిపోలే దొరా, జంగాల ఇండ్లల్ల, అరుగుల మీద, రోకలి పాటలల్ల ఎలుగుతనే ఉండె. నీకు కనవడ్డది ఆలస్యం. ఇంకోటి, ఆయన దేవులాట అంత కుంపిణీ జిల్లాలల్లనే ఎక్కువ నడిచింది. నిజాం రాజ్యంల మన ఊర్ల అటుకుల మీదున్న కట్టలకు బ్రౌన్ రాలే. మనకు సురవరం ప్రతాపరెడ్డి వచ్చేదాక ఇంకో వందేండ్లు పట్టింది. తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగ 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక తీసిండు ఆయన. ఆ నడుమ వందేండ్లల్ల ఎన్ని కట్టలు వాగుల కలిసినయో.

1855ల బ్రౌన్ ఇండియా ఇడిచి పోయిండు. పెండ్లి చేసుకోలే. పిల్లల్లేరు. లండన్ల 1865 నుంచి యూనివర్సిటీల తెలుగు ప్రొఫెసరు. అక్కడ తెలుగు నేర్చుకునేందుకు ఎంత మంది వచ్చి ఉంటరు చెప్పుండ్రి. ముసలితనంల సుత నిఘంటువు కాయితాలు దిద్దుకుంటనే ఉన్నడు. 1884 డిసెంబరు 12 నాడు చనిపోయిండు. కెన్సల్ గ్రీన్ బొందల గడ్డల పూడ్చిపెట్టిన్రు. కడపల ఆయన బంగళా కూలిపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి, చందాలడిగి, అదే జాగల ఆయన పేరు మీద లైబ్రరీ కట్టిచ్చిండు. నేనొకసారి పోయొచ్చిన. బయట ఎండ మండుతున్నది, లోపల నలుగురు పోరగాళ్లు గ్రూప్ టూ పుస్తకాలు ముందరేసుకొని కూసున్నరు. తాటాకులు అద్దాల ఎనక ఉన్నయి. అక్షరాలు పోల్చుకుందామని మస్తుసేపు వంగి సూసిన. ఒక్క వరుసల రెండు మాటలు తెలిసినట్టనిపిచ్చినయి. మిగిలినవి రాలే.

ఊర్లకొచ్చినంక మా పక్కూర్లె ఇంకొకల ఇంట్ల సుత ఒక కట్ట ఉందని తెలిసింది. వడ్లోళ్ల ఇల్లు. పోయి అడిగిన. ఇంటి పెద్దమ్మ నన్ను ఎగాదిగా సూసి, పండుగ నాడు తప్ప దాని తాడు ఇప్పమని చెప్పింది. ఫోటోలు తీసుకుంట, ఒక్క ఆకు సుత పట్టకపోనని మొక్కిన. దసరాకు రా బిడ్డా అన్నది. ఫోన్ల పాత వీడియోలన్ని తీసేసి జాగ చేసి పెట్టుకున్న.